మా అప్ప ఏరేసిన బియ్యం

మా అప్ప విజయనగరం జిల్లాలో మా పాత ఇంట్లోనే ఉంటుంది. (మా వైపు అక్కని అప్ప అంటాం. వేరే జిల్లాల మిత్రులు కంగారు పడకండి.) బావ పోయి పదేళ్ళు దాటింది, పిల్లలు లేరు, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. సికిందరాబాద్ వచ్చి నాతో ఉండమంటే "నీ మూడో అంతస్తులో నా కోళ్ళనెక్కడ పెడతావురా" అంటుంది. డిఫెన్స్ అకౌంట్స్‌లో 36 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాక, ప్రతి సంక్రాంతికీ వెళ్ళి పది రోజులు ఉండి రావడం అలవాటు చేసుకున్నాను.

2023 సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆవిడ్ని చూసి భయపడ్డాను. మనిషి సగమైపోయింది. బావి దగ్గర్నుంచి బకెట్ మోసుకొచ్చేలోపు రెండు చోట్ల ఆగి ఆయాసపడుతోంది. ఏమైందంటే ఏమీ లేదంది. మర్నాడు పొద్దున్న లేచి చూస్తే అరుగు మీద చేట పెట్టుకొని బియ్యం ఏరుతోంది. రాళ్ళనుకున్నాను. ఏరినవి కొబ్బరిచిప్పలో వేస్తోంది. చూస్తే రాళ్ళు కావు, బియ్యం గింజలే. కాకపోతే అన్నీ ఒకే పొడుగు, ఒకే లావు, కాస్త పసుపు తిరిగిన తెలుపు.

"ఏటప్పా ఇవి?"

"ప్లాస్టిక్ బియ్యం" అంది, వడ్లగింజలు అన్నంత మామూలుగా. అని, చిప్పలోవి కోళ్ళకి చల్లింది.

మెల్లగా ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. దాదాపు ఏడాదిగా రేషన్ బియ్యంలో ఈ గింజలు వస్తున్నాయట. ఎంత ఏరినా కొన్ని మిగిలిపోతాయన్న భయంతో రాత్రిపూట అన్నం మానేసింది. కాసిన్ని అటుకులు, లేకపోతే టీ. ఆయాసం వస్తోందని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్తే రక్తం 8 గ్రాములే ఉందన్నారు, మాత్రలిచ్చారు. అవి డబ్బాలో అలాగే ఉన్నాయి. "కడుపులో ప్లాస్టిక్ ఉండగా మాత్రలేం పనిచేస్తాయిలే" అని ఆవిడ లెక్క.

"నాకెందుకు చెప్పలేదు?" అని కోప్పడ్డాను.

"నీకు చెప్తే నవ్వుతావు కదరా తమ్ముడా" అంది.

ఆ మాట తప్పు కాదు. 2017 జూన్‌లో టీవీ చానెళ్ళన్నీ ప్లాస్టిక్ బియ్యం అని గోల చేసినప్పుడు (అన్నం ముద్దని బంతిలా నేలకేసి కొట్టి చూపించేవారు, గుర్తుందా?) ఆవిడ నాకు ఫోన్ చేసి అడిగింది. నేను పగలబడి నవ్వాను. అంతటితో ఆగకుండా మిత్రుల సమావేశంలో ఆ కబురు చెప్పి వాళ్ళనీ నవ్వించాను. మూఢనమ్మకం మీద గెలిచాననుకున్నాను. నిజానికి ఆ రోజు నేను చేసిందల్లా ఆవిడ ఇంకెప్పుడూ నన్ను అడక్కుండా చెయ్యడమే.

ఈసారి కూడా నోరు ఊరుకోలేదు. "ఆ కోళ్ళు తింటున్నాయి కదా, మరి చావలేదేం?" అన్నాను.

"కోడి రాళ్ళు కూడా తింటుంది" అంది.

దీనికి నా దగ్గర జవాబు లేదు. కోళ్ళు తిండి నలగడానికి నిజంగానే రాళ్ళు మింగుతాయి. నేను వేసింది చచ్చు రుజువు, ఆవిడ పట్టుకుంది. నవ్వు మానేసి సరంజామాతో రావాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

మొదట లెక్కల సంగతి చెబుతాను, నాకు వచ్చింది అదే కనక. కల్తీ చేసేవాడు ఖరీదైన దాంట్లో చవకది కలుపుతాడు. పాలల్లో నీళ్ళు, మిరియాల్లో బొప్పాయి గింజలు, కారంలో రంపపు పొట్టు. ఇత్తడిలో బంగారం కలిపినవాణ్ణి నేనింతవరకు వినలేదు. మా బంధువుల్లో ఒకతనికి చర్లపల్లిలో చిన్న ఇంజెక్షన్ మోల్డింగ్ యూనిట్ ఉంది. బకెట్లు, మగ్గులు, స్టూళ్ళు పోస్తాడు. తిరిగి రాగానే అతని దగ్గరికి వెళ్ళాను. అతను కొనే పాలీప్రొపిలీన్ దానా అప్పుడు కిలో వంద రూపాయల పైమాటే. అదే రోజుల్లో మా ఊళ్ళో బియ్యం కిలో 40. ఆ దానాని కరిగించి, సాగదీసి, బియ్యం సైజుకి కోసి, రేషన్ బియ్యంలో కలిపేవాడెవడైనా ఉంటే వాడికి కావలసింది పోలీసులు కాదు, ఒక అకౌంటెంటు.

దానా అంటే ప్లాస్టిక్ ముడిసరుకు గింజలు. ఆ ఫ్యాక్టరీలో బస్తాల్లో చూసి నేనూ ఒక్క క్షణం ఆగాను. దూరం నుంచి అచ్చం సగ్గుబియ్యం. వాట్సాప్‌లో "బియ్యం తయారుచేస్తున్న ఫ్యాక్టరీ" అని తిరిగే వీడియోల్లో కనిపించేది చాలావరకు ఇదే. పాత ప్లాస్టిక్‌ని కరిగించి, సేమియాలా తీగలు లాగి, నీళ్ళలో చల్లార్చి, ముక్కలు కొట్టే యంత్రం. తెల్లగా చిన్న చిన్న గింజలు రాలిపడుతుంటే చూసేవాడికి బియ్యమే గుర్తొస్తాయి. దాన్ని ఎందుకు చేస్తున్నారో వీడియోలో ఎవడూ చెప్పడు.

అన్నట్టు, నేను సర్వీసంతా ప్లాస్టిక్‌తోనే కాపురం చేశాను, కాగితాల మీద. జెర్రీక్యాన్లు, నీళ్ళ ట్యాంకులు, కేబుళ్ళు, గ్రౌండ్ షీట్లు. బిల్లు మీద హెచ్‌డీపీఈ అనో పీవీసీ అనో ఉండేది, సప్లై ఆర్డరులోనూ అదే ఉంటే టిక్కు పెట్టి పాస్ చేసేవాణ్ణి. రెండింటికీ తేడా ఏమిటో బీకాం చదివిన నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. పాలిథీన్ అనేదే 1933లో ఇంగ్లండులో ఐసీఐ కంపెనీ వాళ్ళకి వేరే ప్రయోగం చేస్తుండగా అనుకోకుండా గొట్టంలో మిగిలిన తెల్లటి మైనంలాంటి పదార్థమనీ, రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ కేబుళ్ళకి తొడుగుగా పనికొచ్చి గొప్పదైందనీ నేను చదివింది రిటైరయ్యాకే.

అడుగున ఉన్న ఊహ మాత్రం కష్టమైంది కాదు. ఇథిలీన్ అని ఒక చిన్న అణువు, రెండు కార్బన్లు, నాలుగు హైడ్రోజన్లు. అలాంటివి వేలకొద్దీ గొలుసులా ముడిపడితే పాలిథీన్. గొలుసులో కొమ్మలు ఎక్కువుంటే దగ్గరగా సర్దుకోలేవు, మెత్తటి ఎల్‌డీపీఈ అవుతుంది, పాల ప్యాకెట్టులాంటివి. కొమ్మలు తక్కువైతే ఒత్తుగా సర్దుకుని గట్టి హెచ్‌డీపీఈ అవుతుంది, నీలం డ్రమ్ములాంటివి. ఇథిలీన్ బదులు ప్రొపిలీన్ అయితే పాలీప్రొపిలీన్, మన పెళ్ళిళ్ళలో వేసే కుర్చీలు, సిమెంటు బస్తాలు. ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, బియ్యంలో ఉండే పిండిపదార్థం కూడా ఇలాంటి గొలుసే! గ్లూకోజ్ అణువుల గొలుసు. ఆ మాటకొస్తే అదీ పాలిమరే. కాకపోతే ఆ గొలుసు నీటిని పిలుస్తుంది, కాబట్టి ఉడికితే ఉబ్బుతుంది, అన్నం బంకగా ముద్ద కడుతుంది, ఆ ముద్ద బంతిలా ఎగురుతుంది కూడా. మన జీర్ణరసాలకి దాన్ని తెంపడం వచ్చు. పాలిథీన్ గొలుసుకి నీరంటే గిట్టదు. గంటసేపు మరగబెట్టినా చుక్క పీల్చదు. మెత్తగా ఉడికిన ప్లాస్టిక్ బియ్యం అనేది ఆ కారణం చేతనే కుదరని పని. 100 డిగ్రీల నీళ్ళలో పాలీప్రొపిలీన్ కరగనైనా కరగదు, దానికి 160 దాకా కావాలి.

2023 శివరాత్రికి పావుకిలో దానా, టింక్చర్ అయోడిన్ సీసా సంచిలో వేసుకొని మళ్ళీ ఊరెళ్ళాను. అరుగు మీద గిన్నెలు పెట్టేసరికి పక్కిళ్ళవాళ్ళు, పిల్లలు చేరారు. గారడీవాడొచ్చాడని ఎవరో అన్నారట.

అప్ప ముందుగానే తన రుజువు చూపించింది. గ్లాసులో నీళ్ళు పోసి, ఏరిన గింజలు వేసింది. కొన్ని మునిగాయి, ఎక్కువ భాగం తేలాయి. "తేలింది ప్లాస్టిక్కని ఫోన్లో చూపించారు" అంది. నేను తెచ్చిన దానా వేస్తే అదీ తేలింది. అందరూ నా వైపు చూశారు.

ఆవిడ పరీక్ష తెలివితక్కువది కాదు, ఇది నేను ఒప్పుకోవాలి. పాలిథీన్, పాలీప్రొపిలీన్ నీటికంటే తేలిక, తేలతాయి. మామూలు బియ్యం మునుగుతాయి. తేడా కనిపెట్టడానికి ఎన్నుకున్న గుణం నిజమైనదే. చిక్కల్లా తేలేవన్నీ ప్లాస్టిక్ కావు, ప్లాస్టిక్‌లన్నీ తేలవు. పెరట్లో పడున్న పాత పీవీసీ గొట్టం ముక్క ఒకటి, నీళ్ళ సీసా కోసిన ముక్క ఒకటి (ఆ సీసాల సరుకు పెట్) గ్లాసులో వేశాను. రెండూ రాయిలా దిగాయి. తర్వాత ఆవిడ డబ్బాలోంచే గుప్పెడు మరమరాలు తీసి వేశాను, తేలాయి. "మరమరాలు ప్లాస్టిక్కా?" అన్నాను. ఒక పిల్లాడు నవ్వాడు. అప్ప నవ్వలేదు, కానీ ఆలోచనలో పడింది.

తర్వాత సన్నికల్లు. ఆవిడ ఏరిన గింజలు నాలుగు నూరితే పిండి అయ్యాయి. దానా నూరితే చప్పిడిబడి రాతికి అతుక్కుంది, ఎంత నూరినా పొడి కాలేదు. ఇది అందరికీ బాగా నచ్చి పిల్లలు తలో గింజా నూరారు. పొయ్యి మీద రెండు గిన్నెల్లో రెండూ ఉడకబెడితే, ఒకటి మెత్తబడింది, రెండోది ఎలా వేశామో అలాగే పైన ఆడుతోంది.

నా పరువు పోయింది అయోడిన్ దగ్గర. పిండిపదార్థం మీద అయోడిన్ చుక్క పడితే నల్లటి నీలం వస్తుందని ముందే గొప్పగా ప్రకటించి, పొంగుతున్న గంజిలో చుక్క వేశాను. ఏమీ రాలేదు. ఇంకో చుక్క. నీలం మెరిసినట్టే మెరిసి మాయమైంది. "ప్లాస్టిక్కే" అంది పక్కింటావిడ. నాకు చెమటలు పట్టాయి. అప్ప మాత్రం "ఉండండెహె, వాణ్ణి కూడా చూడనియ్యండి" అని నా పక్షాన మాట్లాడింది, ఎందుకో. గిన్నె దించి, ఏం చెయ్యాలో తోచక కూర్చున్నాను. అది చల్లారుతుంటే గంజి దానంతటదే నీలమెక్కింది! బాగా వేడిగా ఉంటే ఆ రంగు నిలవదనీ, చల్లారితే తిరిగొస్తుందనీ తర్వాత చదివాను. ముందే చదువుకొని ఉండాల్సింది. దానా మీద వేసిన చుక్క గోధుమరంగుగానే ఉండి, గుడ్డతో తుడిస్తే పోయింది.

"సరే, ప్లాస్టిక్ కాదు" అంది అప్ప. "మరేటివి?"

అవి ఫోర్టిఫైడ్ గింజలు. బియ్యం పిండిలో ఐరను, ఫోలిక్ యాసిడ్, బీ12 విటమిను కలిపి, యంత్రంలో ఒత్తి, బియ్యం ఆకారంలో కోస్తారు. (చర్లపల్లిలో నేను చూసిన యంత్రానికి ఇది దూరపు చుట్టమే, సరుకే వేరు.) ఒత్తినప్పుడు లోపల గాలి చేరుతుంది, అవి తేలడానికి కారణం అదే. నూరు కిలోల మామూలు బియ్యానికి ఒక కిలో కలుపుతారు. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించాక దశలవారీగా రేషన్‌లోకి వచ్చాయి.

"మరి ఆ ముక్క నాకెవరూ చెప్పలేదేం?" అంది. రేషన్ బండివాణ్ణి అడిగితే పైనుంచి ఎలా వస్తే అలా పోస్తున్నానన్నాడట. బస్తా మీద ప్లస్ ఎఫ్ గుర్తు ఉండేది, కానీ బస్తా బండిలోనే ఉండిపోయేది, ఆవిడ సంచిలో పడింది తూకం వేసిన బియ్యం. ఏడాదికి దాదాపు 2,700 కోట్ల ఖర్చని లెక్క చెప్పిన పథకంలో మా ఊరి గోడ మీద ఒక కాగితం అంటించడానికి డబ్బు మిగల్లేదు కాబోలు. తన అన్నంలో తెలియని వస్తువు కలిసిందని మా అప్ప పెట్టిన అభ్యంతరం సరైనదే. ఆ వస్తువుకి పెట్టిన పేరే తప్పు. ఆడిట్‌లో ఉన్నవాడిగా నేను ఆ మొదటి సగం 2017లోనే నేర్చుకొని ఉండాల్సింది.

ఇక్కడ ఒక పొరపాటు చెయ్యబోయి ఆగాను. "నువ్వు ఏరేసింది నీ మందే, అందుకే రక్తం తగ్గింది" అనాలని నోటిదాకా వచ్చింది. రాత్రి కూర్చుని లెక్క వేశాను. కిలో ఫోర్టిఫైడ్ బియ్యంలో ఐరను 28 నుంచి 42.5 మిల్లీగ్రాములుండాలని ప్రమాణం. రోజుకి 300 గ్రాములు తింటే 8 నుంచి 13 వస్తుంది. ప్రభుత్వం పెద్దవాళ్ళకిచ్చే ఐరన్ మాత్ర ఒక్కదాంట్లో 60. పైగా 2019లో కోక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి, ఐరన్ కలిపిన బియ్యం వల్ల రక్తహీనత పెద్దగా తగ్గకపోవచ్చని తేల్చింది. అవి విషం కాదన్నది రుజువైంది. అవి అమృతమని చెప్పడానికి నా దగ్గర వోచరు లేదు. కాబట్టి ఆవిడకి రెండే చెప్పాను, రెండు పూటలా తిను, ఆ డబ్బాలో మాత్రలు మొదలుపెట్టు.

మర్నాడు పనిలేక ఇంట్లో ప్లాస్టిక్ అంతా స్టాక్ వెరిఫికేషన్ చేశాను. వస్తువుల అడుగున త్రికోణంలో అంకె వెతకడం పిల్లలకి ఆటైపోయింది. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం పెట్టిన అంకెలవి. నీళ్ళ సీసా 1, నీలం డ్రమ్ము 2, గొట్టాలు 3, పాల కవరు 4, కుర్చీ 5, థర్మాకోల్ 6, ఇవేవీ కానివి 7. కుక్కర్ పిడి మీద ఏమీ దొరకలేదు. అది బేకలైట్ జాతిది, 1907లో బేక్‌లాండ్ చేసిన దాని వారసురాలు, ఒకసారి గట్టిపడితే మళ్ళీ కరగదు, అందుకే పొయ్యి పక్కన ఉండనిస్తున్నాం. ఆ అంకె సరుకు పేరు చెబుతుందే తప్ప మంచిచెడ్డలు చెప్పదని కూడా చెప్పాను, పిల్లలు వినిపించుకోలేదు.

ఈ హడావుడిలో పక్కింటి కుర్రాడు అందరికీ టీ పట్టుకొచ్చాడు, సెంటర్లో హోటల్ నుంచి. పల్చటి పాలిథీన్ కవరులో, పొగలు కక్కుతూ, మూతి రబ్బరు బ్యాండుతో బిగించి. ప్లాస్టిక్కేనని తీర్పు చెప్పిన పక్కింటావిడే స్టీలు గ్లాసుల్లో వంచింది. ఆ కవరు కొత్త దానాతో చేసిందో, చెత్తలో ఏరిన ప్లాస్టిక్ కరిగించి చేసిందో, దాంట్లో ఏ రంగులూ ఏ నూనెలూ కలిసాయో దాని మీద ఏ ముద్రా లేదు. నూనె పదార్థాలూ వేడీ తగిలితే అలాంటివి తిండిలోకి దిగడం తేలికవుతుంది. నేను గ్లాసు పట్టుకొని కాసేపు ఉపన్యాసమివ్వనా మాననా అనుకొని, ఆ రోజుకి తాగేశాను. అప్ప మాత్రం ఖాళీ కవరుని వేలితో నొక్కి చూసి, "ఇది నాలుగో నంబరా?" అంది.

మూడు నెలల తర్వాత ఆవిడ రక్తం 10 దాటింది. దీన్ని ఏ ఖాతాలో జమ వెయ్యాలో నాకు తెలీదు. మాత్రలు, రాత్రి అన్నం, ఆ గింజలు, మూడూ ఒకేసారి మొదలయ్యాయి, విడదీయడం కుదరదు. బియ్యం ఏరడం మానేసింది కానీ, రేషన్ వచ్చిన రోజున సన్నికల్లు మీద రెండు గింజలు నూరి పిండి అయిందో లేదో చూశాకే డబ్బాలో పోస్తోంది. హోటల్‌కి స్టీలు క్యాను పంపుతోంది. పక్కింటావిడ ఇంకా ఏరుతూనే ఉంది, ఏరినవి మా అప్ప కోళ్ళకే వేస్తుంది.